మెట్ల మధ్య చెక్క తొలిచిన గిటారు

బుజ్జీ, చిట్టీ,

తాతయ్య ఆశీస్సులు. మొన్న సెలవుల్లో బుజ్జిగాడు, "అమ్మమ్మ వీణలో వచ్చే ఆ ఊపు నా గిటారులో ఎందుకు రాదు?" అని అడిగాడు. అప్పుడేదో చెప్పి తప్పించుకున్నాను. ఇదే సంగతి మీద కుస్తీ పట్టిన ఒకాయన గురించి ఇప్పుడు రాస్తున్నాను.

ఆయన జాన్ మెక్‌లాఫ్లిన్. 1942లో ఇంగ్లండులోని యార్క్‌షైర్‌లో పుట్టాడు. తల్లి వయొలిన్ వాయించేది. ఆయన పదకొండో ఏట గిటారు పట్టాడు. లండన్‌లో ఎవరు పిలిస్తే వాళ్లకు వాయించి పొట్టపోసుకున్నాడు. 1969లో న్యూయార్క్ వెళ్లగానే జాజ్ ఉద్దండుడు మైల్స్ డేవిస్ తన రికార్డింగుకు పిలిచాడు. అదే ఏడు రికార్డయిన ఒక ట్రాకుకైతే ఇతని పేరే పెట్టాడు! 1971లో సొంత బృందం మహావిష్ణు ఆర్కెస్ట్రా. రాక్ హోరు, జాజ్ మనోధర్మం, నాలుగు లెక్కకు లొంగని తాళాలు. ఆ మోత నా చెవులకు కాస్త ఎక్కువే, మీ నాన్నకు మాత్రం ప్రాణం.

అంత పేరొచ్చాక కూడా అమెరికాలో కర్ణాటక సంగీత విద్వాంసుడు ఎస్. రామనాథన్ గారి దగ్గర వీణ నేర్చుకున్నాడు. అక్కడే ఉంది కిటుకు. వీణ మెట్లు, అంటే తీగ కింద అడ్డంగా ఉండే పట్టీలు, మైనంలో ఎత్తుగా నిలబడి ఉంటాయి, తీగను ఎంతైనా లాగొచ్చు. గిటారు మెట్లు పొట్టివి, వేలు చెక్కకు తగిలేస్తుంది. అందుకని ఆయన మెట్ల మధ్య చెక్కను దొన్నెలా తొలిపించిన గిటారు చేయించుకున్నాడు. సితార్‌లోలా వాటంతటవే మోగే ఏడు తీగలు అదనం. దానితోనే జాకిర్ హుస్సేన్ తబలా, ఎల్. శంకర్ వయొలిన్, విక్కు వినాయక్‌రామ్ ఘటం పక్కన కూర్చుని 'శక్తి' బృందంలో వాయించాడు. 1980లో స్పెయిన్ సంప్రదాయ సంగీతమైన ఫ్లమెంకోలో విద్వాంసుడు పాకో డి లూసియా, అమెరికా గిటారిస్టు అల్ డి మియోలాలతో చేసిన కచేరీ మరో రుచి.

తర్వాత ఆ శక్తి బృందంలోకి మన పాలకొల్లు మాండలిన్ శ్రీనివాస్ వచ్చాడు. ఆయనదీ ఇదే తంటా! జంట తీగల మాండలిన్ మీద గమకం, అదే నువ్వడిగిన ఊపు, పలకదు. ఒంటి తీగలు ఐదు పెట్టించుకున్నాడు. వాళ్లిద్దరూ ఎదురెదురుగా సవాలు జవాబు అందుకుంటే చూడాలి. 2014లో, నలభై ఐదేళ్లకే శ్రీనివాస్ పోయాడు. శక్తికి 2024లో గ్రామీ అవార్డు వచ్చింది, ఆ ఏడు డిసెంబరులోనే జాకిర్ కూడా కన్నుమూశారు.

బుజ్జీ, నీ గిటారు చెక్క మాత్రం తొలవకురా! సన్న తీగ మీద 'స' పలికించి, మెట్టు మారకుండా తీగను పక్కకు నెట్టి 'రి' అందుకో. వేలు మండుతుంది. 'రి' అందిన రోజు ఫోన్ చెయ్యి, వింటాను.

మీ తాతయ్య