గేరు గ్రేడు 10: ఏ దేశపు లెక్కలో?

విజయనగరం జిల్లాలో జనపనార మిల్లయినా, రైసు మిల్లయినా, చక్కెర మిల్లయినా, అరిగిన గేరు ముందుగా చేరేది దగ్గర్లోని లేత్ షాపుకే. దాంతోపాటు డ్రాయింగు కూడా వస్తే అదృష్టమే. పళ్ళ సంఖ్య, మాడ్యూల్ (పంటి సైజు చెప్పే అంకె) అందరూ చదువుతారు. పొరపాటు జరిగేది మూలన ఉన్న గ్రేడు దగ్గర, అంటే గేరు ఎంత కచ్చితంగా ఉండాలో చెప్పే అంకె దగ్గర. అక్కడ 'క్యూ10' అని కనబడితే, అది పదో గ్రేడని, మామూలుగా కోస్తే సరిపోతుందని అనుకుంటారు.

అది అమెరికా పాత లెక్క. అక్కడి గేరు తయారీదారుల సంఘం ఆగ్మా 1988 ప్రమాణంలో క్యూ3 నుంచి క్యూ15 దాకా, అంకె పెరిగేకొద్దీ గేరు మెరుగు. అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓలోనూ జర్మనీ ప్రమాణం డిన్‌లోనూ అంకె తగ్గేకొద్దీ మెరుగు. 17లోంచి క్యూ అంకె తీసేస్తే ఐఎస్ఓ గ్రేడు ఉజ్జాయింపుగా వస్తుంది. అంటే క్యూ10 దాదాపు 7. ఆ తర్వాత ఆగ్మా కూడా తన వరస తిప్పేసి ఏ2 నుంచి ఏ11 దాకా పెట్టింది, 2014లో ఐఎస్ఓ వారి గేరు ప్రమాణం 1328నే స్వీకరించింది. అందుకే అమెరికా డ్రాయింగయితే క్యూ ఉందో ఏ ఉందో చూడకుండా ముట్టుకోకూడదు. జపాను పాత ప్రమాణం జిస్‌లో గ్రేడులు 0 నుంచి 8. అందులో 4 అంటే నేటి జిస్‌లోని ఎన్8కి దగ్గర.

తేడా ఎంతో మైక్రాన్లలో (మి.మీ.లో వెయ్యో వంతు) చూద్దాం. 4 మాడ్యూల్, 30 పళ్ళ స్పర్ గేరు (పళ్ళు నిటారుగా ఉండేది), పిచ్ వ్యాసం, అంటే మాడ్యూల్‌ని పళ్ళ సంఖ్యతో గుణిస్తే వచ్చేది, 120 మి.మీ. ఐఎస్ఓ 2013 సూత్రం ప్రకారం 5వ గ్రేడులో పక్కపక్క పళ్ళ మధ్య పిచ్ (ఒక పంటి నుంచి పక్క పంటికి దూరం) తేడాకు హద్దు: 0.001×120 + 0.4×4 + 5, అంటే 6.72 మైక్రాన్లు. గ్రేడు అంకె ఒకటి పెరిగితే ఆ హద్దు 1.414 రెట్లు, రెండు పెరిగితే రెట్టింపు. 8వ గ్రేడుకి 19 మైక్రాన్లు. చుట్టూ పోగయ్యే మొత్తం పిచ్ తేడా 7వ గ్రేడుకి 42, 8కి 60, 10కి 119. క్యూ10ని పదిగా చదివితే 42 ఉండాల్సిన చోట 119 అన్నమాట. గేరు తిరుగుతుంది, కానీ కూత పెడుతుంది, పళ్ళ మీద బరువు ఒక్కతీరుగా పడదు.

మిల్లింగ్ మిషను మీద డివైడింగ్ హెడ్‌తో (గేరుని పంటి పంటికీ సమానంగా తిప్పే పరికరం) కోస్తే ఐఎస్ఓ 10 చుట్టుపక్కలే ఆశించాలి. 30 పళ్ళకు వాడే 4వ నంబరు కట్టరు 26 నుంచి 34 పళ్ళ దాకా పనికొస్తుంది గానీ, దాని ఆకారం సరిగ్గా కుదిరేది 26కే. ప్రతి పంటికీ హ్యాండిలు ఒక చుట్టు, 24 రంధ్రాల వరసలో మరో 8 రంధ్రాలు తిప్పాలి. పిన్ను ఉన్న రంధ్రాన్నే ఒకటని లెక్కపెడితే ప్రతిసారీ ఒకటి తగ్గి, చివరి పన్ను లావుగా మిగిలిపోతుంది. 8 కావాలంటే హాబింగ్, అంటే గేరూ మరలాంటి కట్టరూ కలిసి తిరుగుతూ పళ్ళు కోసే పని, చేయించాలి. 5, 6 కావాలంటే సాధారణంగా గ్రైండింగ్ చేయించాలి.

పిచ్ కొలిచే యంత్రం లేకపోయినా రనౌట్, అంటే పళ్ళ వరస సెంటరు నుంచి ఎంత ఎగుడుదిగుడుగా ఉందో, చూడొచ్చు. గేరుని మాండ్రెల్‌కి (బోరులో బిగిసే కడ్డీ) ఎక్కించి సెంటర్ల మధ్య పెట్టి, పళ్ళ సందులో సుమారు 7 మి.మీ. పిన్ను ఉంచి, దాని మీద డయల్ గేజి ఆనించాలి. 30 సందుల రీడింగులూ కాగితం మీద రాయాలి. అన్నిటికన్నా పెద్దదీ చిన్నదీ తీసుకుంటే వాటి తేడాయే రనౌట్. దాని హద్దు మొత్తం పిచ్ హద్దులో 0.9 వంతు, 8వ గ్రేడుకి 54 మైక్రాన్లు. రీడింగులు ఒకవైపు మెల్లగా పెరిగి, ఎదురువైపు మెల్లగా తగ్గితే పళ్ళ తప్పు కాదు, బోరు (షాఫ్టు దూరే నడిమి రంధ్రం) మధ్యలో లేదు. పళ్ళు కోసేశాక షాఫ్టుకి సరిపోలేదని బోరు పెద్దది చేయించేవాళ్ళు ఈ ఒక్క పనితోనే గేరుని చెడగొడతారు. సెంటరు 0.03 మి.మీ. జరిగితే రనౌట్ దానికి రెట్టింపు, 60 మైక్రాన్లు. హాబింగ్‌కి పెట్టిన ఖర్చంతా అక్కడే పోతుంది. బోరు ముందే ఫినిష్ చేసి, ఆ బోరు ఆధారంగానే పళ్ళు కోయాలి.

ఆర్డరు కాగితం మీద వట్టి '8' రాయకండి. 'ఐఎస్ఓ 1328-1, 2013, 8వ గ్రేడు' అని రాసి, పక్కనే పిచ్ 19, మొత్తం పిచ్ 60, రనౌట్ 54 మైక్రాన్లు అని కూడా వేయండి.