డ్రీమ్‌కాస్ట్ కాకుండా పోయిన డిజైన్లు

జపాన్ కంపెనీ సెగా చివరి గేమ్ కన్సోల్ డ్రీమ్‌కాస్ట్‌లో అమెరికా కంపెనీ త్రీడీఎఫ్‌ఎక్స్ గ్రాఫిక్స్ చిప్ పెట్టి ఉంటే, కన్సోళ్ల వ్యాపారంలో సెగా నిలబడేదా? పాత గేమ్ కన్సోళ్ల అభిమానులు పాతికేళ్లుగా తెగ్గొట్టుకోలేని వాదన ఇది. దాని మూలాలు అంతకు ముందు కన్సోల్ శాటర్న్‌లో ఉన్నాయి.

1994 నవంబర్‌లో జపాన్‌లో వచ్చిన శాటర్న్‌లో హిటాచీ ఎస్‌హెచ్-2 ప్రాసెసర్లు రెండు, వీడియో చిప్‌లు రెండు. అన్నిటినీ ఒకేసారి పనిలో పెట్టడం ప్రోగ్రామర్లకు పెద్ద తలనొప్పి. పైగా త్రీడీ బొమ్మలను చిన్న చిన్న త్రిభుజాలతో కూర్చే పద్ధతి వైపు పరిశ్రమ వెళుతుంటే ఇది చతుర్భుజాలతో బొమ్మ గీసేది. ప్లేస్టేషన్ ధాటికి వెనకబడ్డాక, కొత్త మెషీన్ కోసం సెగా ఒకటికి మించి తలుపులు తట్టింది.

అందులో ఒకటి అప్పటికి చిన్న గ్రాఫిక్స్ చిప్‌ల కంపెనీగా ఉన్న ఎన్విడియా. వాళ్ల మొదటి చిప్ ఎన్‌వీ1 కూడా త్రిభుజాలను కాదని వంపు ఉపరితలాలను నమ్ముకుంది. పీసీ గేముల్లో త్రీడీ బొమ్మలు గీయించే మైక్రోసాఫ్ట్ సాఫ్ట్‌వేర్ డైరెక్ట్‌త్రీడీ త్రిభుజాలకే ఓటేయడంతో ఆ దారి మూసుకుపోయింది. మా పద్ధతే తప్పు, వేరే వాళ్లను చూసుకోండి, కానీ కొత్త కన్సోల్ చిప్‌కు ఒప్పుకున్న డబ్బు మాత్రం ఇవ్వండి అని ఎన్విడియా అధిపతి జెన్సెన్ హువాంగ్ సెగాను అడిగారు. విచిత్రమేమంటే సెగా ఉన్నతాధికారి షోయిచిరో ఇరిమజిరి సరేనన్నారు! ఆ డబ్బు తమకు ఆరు నెలల ఊపిరి పోసిందని 2023లో తైవాన్‌లో విద్యార్థులకు హువాంగే చెప్పారు. ఆ వ్యవధిలో తయారైందే ఎన్విడియాను నిలబెట్టిన గ్రాఫిక్స్ చిప్ రీవా 128.

తర్వాత పోటీ సెగాలోనే రెండు బృందాల మధ్య నడిచింది. ఐబీఎం నుంచి వచ్చిన తత్సువో యమమోటో బృందం అమెరికాలో త్రీడీఎఫ్‌ఎక్స్ చిప్‌తో, హిదెకి సాతో బృందం జపాన్‌లో అక్కడి ఎలక్ట్రానిక్స్ కంపెనీ ఎన్‌ఈసీ తయారుచేసే పవర్‌వీఆర్ గ్రాఫిక్స్ చిప్‌తో పనిచేశాయి. 1997లో షేర్ల జారీ పత్రాల్లో త్రీడీఎఫ్‌ఎక్స్ ఈ ఒప్పందాన్ని బయటపెట్టేసింది. జూలైకల్లా సెగా దాన్ని రద్దు చేసింది. వ్యవహారం కోర్టుకెక్కి, చివరికి రాజీతో ముగిసింది. రహస్యం బయటపడడమే కారణమని చాలామంది అంటారు కానీ, అదొక్కటే అనుకోలేం. పవర్‌వీఆర్ తెరపై కనబడని భాగాలను ముందే ఏరేసి మిగతావే గీస్తుంది. మెమరీ మీద భారం తగ్గుతుంది. తక్కువ ధర పెట్టాల్సిన కన్సోల్‌కు ఇది చిన్న లాభం కాదు.

1998 నవంబర్ 27న డ్రీమ్‌కాస్ట్ వచ్చింది. ఎన్‌ఈసీ చిప్‌లు చాలినన్ని అందక మొదట్లో కొరత తప్పలేదు. అయినా అసలు దెబ్బ చిప్‌ది కాదనే నా అభిప్రాయం. పాత కన్సోల్‌కు తగిలించుకునే పరికరం 32ఎక్స్‌ను, శాటర్న్‌ను మధ్యలో వదిలేసిన కంపెనీని కొనేవాళ్లు మళ్లీ నమ్మడం కష్టం. 2000లో డీవీడీ సినిమాలు కూడా ఆడే ప్లేస్టేషన్ 2 వచ్చాక ఎదురుచూసేవాళ్లంతా అటే చూశారు.

2000 డిసెంబర్‌లో త్రీడీఎఫ్‌ఎక్స్ ఆస్తులను కొంటున్నట్టు ఎన్విడియా ప్రకటించింది. మరుసటి నెలాఖరున డ్రీమ్‌కాస్ట్ తయారీ ఆపేస్తున్నట్టు సెగా చెప్పింది.