లాలాజల గ్రంథి క్యాన్సర్ తగ్గినవారికి ఆరోగ్య బీమా: చిక్కు ఎక్కడ మొదలైంది?

చెవి కింది లాలాజల గ్రంథిలో క్యాన్సర్ గడ్డకు ఆపరేషన్ జరిగి, రేడియేషన్ పూర్తయి, ఏళ్ల తరబడి స్కాన్‌లలో ఏమీ కనిపించనివారికి సైతం మన దేశంలో వ్యక్తిగత ఆరోగ్య బీమా దొరకడం కష్టమే. దీనికి కంపెనీల జంకు ఒక్కటే కారణం కాదు, నిబంధనలు నడిచివచ్చిన తీరు కూడా కారణమే.

1986లో ప్రభుత్వ రంగ సాధారణ బీమా కంపెనీలు మెడిక్లెయిమ్ అనే ఆరోగ్య బీమా పాలసీని తెచ్చినప్పుడు, పాలసీ తీసుకునేనాటికే ఉన్న జబ్బుకు పరిహారం లేదన్నది మూల షరతు. 1999 చట్టంతో ప్రైవేటు కంపెనీలు వచ్చాక అది క్రమంగా, నాలుగేళ్లు గడిచాకే ఆ జబ్బుకు పరిహారం ఇచ్చే నిరీక్షణగా మారింది. అయితే ఆ నిరీక్షణ పాలసీ చేతికొచ్చినవారి సంగతి. అసలు పాలసీ ఇవ్వాలా వద్దా అన్నది అండర్‌రైటర్ (దరఖాస్తులోని నష్టభయాన్ని అంచనా వేసే కంపెనీ నిపుణుడు) చేతిలోనే ఉండిపోయింది.

2019 సెప్టెంబరులో బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ ఒక మధ్యేమార్గం చూపింది. దరఖాస్తును పూర్తిగా తోసిపుచ్చే బదులు, తాను ప్రకటించిన జాబితాలోని తీవ్ర వ్యాధి ఏదైనా దరఖాస్తుదారుకు ముందే ఉంటే, అతని సమ్మతితో దాన్ని మాత్రం శాశ్వతంగా మినహాయించి మిగతా జబ్బులకు పాలసీ ఇవ్వవచ్చని చెప్పింది. ఉద్దేశం మంచిదే, కానీ జాబితా తయారైంది అంతర్జాతీయ వ్యాధి వర్గీకరణ కోడ్‌ల మీద. చెవి ముందు, కింద ఉండే పరోటిడ్ అనే లాలాజల గ్రంథి క్యాన్సర్ కోడ్ సీ07, ఇతర ప్రధాన లాలాజల గ్రంథులది సీ08. రెండూ పెదవి, నోరు, గొంతు క్యాన్సర్ల సీ00–సీ14 గుంపులో కలిసిపోయాయి. నోటి క్యాన్సర్లకు పొగాకుతో ఉన్నంత స్పష్టమైన సంబంధం వీటికి లేదన్న తేడా ఆ వరుసలో కనిపించదు.

లాలాజల గ్రంథి క్యాన్సర్లలోనే ఒక రకానికీ మరో రకానికీ ఉన్న తేడా ఇంకా పెద్దది. తక్కువ గ్రేడు (నెమ్మదిగా పెరిగే) మ్యూకోఎపిడెర్మాయిడ్ రకాన్ని పూర్తిగా తీసేస్తే సాధారణంగా మళ్లీ తలెత్తదు. అడినాయిడ్ సిస్టిక్ రకం మాత్రం పదేళ్లు దాటాక కూడా ఊపిరితిత్తుల్లో బయటపడవచ్చు. అందువల్ల రెండో రకం విషయంలో అండర్‌రైటర్ భయాన్ని కొట్టిపారేయలేం. అదే భయాన్ని మొదటి రకానికీ అంటగట్టడమే అన్యాయం. బయాప్సీ రిపోర్టులో కణితి రకం, గ్రేడు, కోత అంచుల్లో క్యాన్సర్ కణాలు మిగిలాయా, నరాల వెంట పాకిందా అన్న నాలుగు విషయాలు చదివితే ఈ తేడా చాలావరకు తేలిపోతుంది.

ముందున్న జబ్బును దరఖాస్తులో దాచిపెట్టడం దారి కాదని సుప్రీంకోర్టు 2009లో సత్వంత్ కౌర్ సంధూ కేసులో తేల్చింది. చెప్పినదంతా తెలిసి పాలసీ ఇచ్చిన కంపెనీ, తర్వాత అదే జబ్బును సాకుగా చూపి క్లెయిమ్ ఎగ్గొట్టకూడదని 2021లో మన్‌మోహన్ నందా కేసులో అదే కోర్టు అంది.

ఐఆర్‌డీఏఐ 2024 నిబంధనలు ముందున్న జబ్బుల నిరీక్షణను 48 నెలల నుంచి 36కు, పాలసీ ఎన్నేళ్లు ఆగకుండా కొనసాగాక మోసం రుజువైతే తప్ప క్లెయిమ్‌ను ప్రశ్నించరాదో ఆ మారటోరియం గడువును ఎనిమిదేళ్ల నుంచి ఐదేళ్లకు తగ్గించాయి. మన రాష్ట్రాల్లో 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ అర్హులైన పేదలను ఆదుకుంటోంది. ఉద్యోగులకు కంపెనీ గ్రూపు పాలసీ ఉంటే ఈ పేచీ తక్కువ. ఆ రెండూ అందని స్వయం ఉపాధి కుటుంబాలకే తిప్పలు. వీరు గుర్తుంచుకోవలసింది ఒకటుంది: తిరస్కరణను కారణాలతో సహా రాతపూర్వకంగా తెలపాలని 2016 నిబంధనలే కంపెనీలను ఆదేశించాయి. ఆ లేఖ చేతిలో ఉంటే, తమ రిపోర్టులోని కణితి రకాన్ని అండర్‌రైటర్ చూశాడో, కోడ్ చూసి ఆగిపోయాడో అడగడానికి ఆధారం దొరుకుతుంది.