గోటింగెన్ యూనివర్సిటీ గురించి నేను తరచూ వినే అపోహలు

జర్మనీలో గోటింగెన్ యూనివర్సిటీలో రీసెర్చ్ చేస్తున్నాను. చుట్టాల పిల్లలకు ఎమ్మెస్ సలహా కావాలని ఇంటి నుంచి ఫోన్ వచ్చిన ప్రతిసారీ అవే మాటలు వింటుంటాను.

అపోహ: యూరప్ యూనివర్సిటీలన్నీ ఆరేడు వందల ఏళ్ల నాటివి.

జర్మనీలోనే ఉన్న హైడెల్‌బర్గ్ యూనివర్సిటీ 1386 నాటిదే. గోటింగెన్ మాత్రం 1737లో మొదలైంది. ఈ ఊరు అప్పట్లో హానోవర్ సంస్థానంలో ఉండేది. దాని పాలకుడు, బ్రిటన్ రాజు కూడా అయిన రెండో జార్జ్ పేరే దీనికి పెట్టారు. కొత్తది కావడమే దీనికి కలిసొచ్చిందని నా అభిప్రాయం. పాత చోట్ల మతశాస్త్ర ఆచార్యులదే పెత్తనం, మిగతావాళ్లు రాసింది వాళ్లకు నచ్చాలి. హానోవర్ మంత్రి మ్యూంచ్‌హౌజెన్ ఇక్కడ వాళ్లకు ఆ అధికారం ఇవ్వలేదు. లైబ్రరీకి మాత్రం ధారాళంగా డబ్బిచ్చాడు.

అపోహ: గ్రిమ్ సోదరులంటే పిల్లల కథలవాళ్లు, యూనివర్సిటీతో వాళ్లకేం పని?

ఇద్దరూ ఇక్కడ ప్రొఫెసర్లు, లైబ్రరీలోనూ పనిచేశారు. 1837లో హానోవర్ గద్దె ఎక్కిన ఎర్నెస్ట్ ఆగస్ట్ 1833 నాటి రాజ్యాంగాన్ని రద్దు చేశాడు. దాని మీద ప్రమాణం చేశాం, మాట తప్పలేం అంటూ ఏడుగురు ప్రొఫెసర్లు లేఖ రాశారు. ఏడుగురి ఉద్యోగాలూ ఊడాయి. యాకోబ్ గ్రిమ్‌తో సహా ముగ్గురిని మూడు రోజుల్లో రాజ్యం విడిచి పొమ్మన్నారు. మిగిలినవాళ్లలో భౌతిక శాస్త్రవేత్త విల్‌హెల్మ్ వెబర్ ఒకడు. 1833లో గణిత మేధావి గాస్‌తో కలిసి ఊరి ఇళ్ల కప్పుల మీదుగా తీగ లాగి టెలిగ్రాఫ్ నడిపింది ఈయనే. గాస్ అల్లుడు ఎవాల్డ్ కూడా ఆ ఏడుగురిలో ఉన్నాడు. గాస్ మాత్రం సంతకం పెట్టలేదు. అంత మేధావి అయ్యుండి, అని నాకు ఇప్పటికీ కాస్త వెలితిగానే ఉంటుంది.

అపోహ: యుద్ధంలో బాంబులు పడి గోటింగెన్ గణితం నాశనమైంది.

నిజానికి ఊరు పెద్దగా దెబ్బతినలేదు. దెబ్బ అంతకుముందే, 1933లో తగిలింది. నాజీ ప్రభుత్వం ఏప్రిల్‌లో తెచ్చిన ఉద్యోగుల చట్టంతో యూదులను పదవుల నుంచి తీసేశారు. గణితవేత్తలు రిచర్డ్ కూరాంట్, ఎమ్మీ నోయెథర్, భౌతిక శాస్త్రవేత్త మాక్స్ బోర్న్ అందరూ దేశం విడిచారు. మొదటి ప్రపంచ యుద్ధంలో పోరాడినవాడు కాబట్టి భౌతిక శాస్త్రవేత్త జేమ్స్ ఫ్రాంక్‌కు మినహాయింపు వర్తించేది. అయినా నిరసనగా తనే రాజీనామా చేశాడు. గణితవేత్తలు క్లైన్, హిల్బర్ట్ ఇక్కడ దశాబ్దాల పాటు కూడబెట్టింది కొన్ని నెలల్లో చెదిరిపోయింది.

నోయెథర్ సంగతి ఇంకో మాట. 1915లో ఆమెను హిల్బర్ట్, క్లైన్ పిలిపిస్తే, ఆడవాళ్లకు పాఠం చెప్పే అర్హత ఇవ్వకూడదని ఫ్యాకల్టీలో కొందరు అడ్డుపడ్డారు. 1919లో అనుమతి వచ్చేదాకా ఆమె క్లాసులు హిల్బర్ట్ పేరు మీదే నడిచాయి.

అపోహ: జర్మనీలో చదువు పూర్తిగా ఫ్రీ.

ఈ రాష్ట్రంలో, అంటే లోయర్ సాక్సనీలో, ట్యూషన్ ఫీజును 2014లో తీసేశారు. కానీ సెమిస్టర్‌కు కొన్ని వందల యూరోలు కట్టాలి, బస్సు, రైలు పాస్ అందులోనే వస్తుంది. ఇంటద్దె, తిండి మనవే. వీసాకు ఏడాది ఖర్చు డబ్బు బ్లాక్డ్ అకౌంట్‌లో, అంటే నెలనెలా కొంత మాత్రమే తీసుకోగల ఖాతాలో, చూపించాలి. అసలు టెన్షన్ అక్కడే మొదలవుతుంది. పైగా అన్ని రాష్ట్రాలూ ఒకటి కావు: బాడెన్-వుర్టెంబర్గ్‌లో మనలాంటి యూరప్ బయటి విద్యార్థులు సెమిస్టర్‌కు 1500 యూరోలు కట్టాలి.

పీహెచ్‌డీ లెక్క వేరు. చాలా విభాగాల్లో అది ఉద్యోగమే. కాంట్రాక్టు, జీతం ఉంటాయి. కాకపోతే చాలాసార్లు కాగితం మీద సగం పోస్టే, పని మాత్రం పూర్తిగా ఉంటుంది.

చిన్న చిన్నవి

ఇక్కడ మార్కుల్లో 1.0 అన్నిటికంటే మంచిది, 5.0 అంటే ఫెయిల్. "నాకు ఒకటొచ్చింది" అని మా అమ్మకు చెబితే కంగారుపడింది. పది గంటల క్లాసు చాలాసార్లు పదింబావుకు మొదలవుతుంది, అది ఆలస్యం కాదు, ఆనవాయితీ. పాఠం అయ్యాక చప్పట్లు ఉండవు, వేళ్లతో బల్ల మీద కొడతారు. మొదటి రోజు ఎవరో తలుపు కొడుతున్నారనుకున్నాను.

పీహెచ్‌డీ పాసైనవాళ్లను స్నేహితులు అలంకరించిన బండిలో లాక్కుంటూ పాత టౌన్‌హాల్ ముందున్న ఫౌంటెన్ దగ్గరకు తీసుకెళ్తారు. దాని మీద బాతులు కాసే అమ్మాయి విగ్రహం, 1901 నాటిది. ఎక్కి ఆమెకు ముద్దు పెట్టి, పూలు ఇచ్చి దిగాలి. 1926లో పోలీసులు దీన్ని నిషేధించారు, అయినా ఆనవాయితీ ఆగలేదు. నేను ఎక్కిన రోజు వాన పడుతోంది, ఫౌంటెన్ అంచు జారుతోంది, కింద నుంచి మా గైడే నా కాలు పట్టుకున్నారు.