తడిగడ్డిలో పుట్టే వేడి

ఎండుగడ్డికి నిప్పురవ్వ తగిలితే మండుతుంది, అందులో వింతేమీ లేదు. సరిగా ఆరకముందే వామి వేసిన గడ్డి ఏ రవ్వా తగలకుండా, కొన్ని వారాల తర్వాత తన కడుపులోంచి తానే అంటుకోవడం వింత. ఈ ప్రమాదం సంగతి రోమన్ కాలం రైతులకూ తెలుసు. పచ్చి ఆరని గడ్డిని మేట వేస్తే కాగి నిప్పు పుట్టిస్తుందని మొదటి శతాబ్దంలోనే రోమన్ వ్యవసాయ రచయిత కొలుమెల్లా హెచ్చరించాడు. కారణం తేలడానికి మాత్రం చాలా కాలం పట్టింది.

కోసిన గడ్డి వెంటనే చచ్చిపోదు. తేమ సుమారు 40 శాతానికి దిగేవరకు దాని కణాలు శ్వాసిస్తూ, చక్కెరలను ఖర్చు చేస్తూ వేడిని వదులుతూనే ఉంటాయి. ఆ తర్వాత పని సూక్ష్మజీవులది. 1907లో జర్మన్ వృక్షశాస్త్రవేత్త హ్యూగో మీహె తన పరిశోధన ఫలితాలు ప్రకటించాడు. సూక్ష్మజీవులను చంపేసిన తడిగడ్డి వేడెక్కలేదు. వాటిని మళ్లీ చేర్చితే వేడెక్కింది. మామూలు బూజులు, బ్యాక్టీరియా వామిని 40, 45 డిగ్రీల దాకా తీసుకువెళ్లి, తాము పుట్టించిన వేడికి తామే నశిస్తాయి. అప్పుడు వేడిని ఇష్టపడే జాతులు అందుకుని 70 డిగ్రీల వరకు లాక్కుపోతాయి. ఆపైన అవీ బతకవు. వేడి అక్కడితో ఆగాలి కదా? ఆగదు. అంత వేడిలో గడ్డిలోని పదార్థాలే గాలిలోని ఆక్సిజన్‌తో చర్య జరుపుతూ ఇంకా వేడిని పుట్టిస్తాయి. గడ్డి వేడిని తొందరగా బయటికి పోనివ్వదు కాబట్టి వామి ఎంత పెద్దదైతే దాని నడిమి భాగం అంత కాగుతుంది.

అయితే మంట దాకా వెళ్లే వాములు తక్కువే. ఎవరి కంటా పడని నష్టమే ఎక్కువ. దోసె ఎర్రగా కాలినప్పుడు జరిగే రసాయన చర్యే వేడెక్కిన గడ్డిలోనూ జరుగుతుంది. ఫ్రెంచి శాస్త్రవేత్త లూయీ కమీల్ మయార్ 1912లో దీన్ని వివరించాడు. మాంసకృత్తులు చక్కెరలతో ముడిపడిపోతాయి, గడ్డి గోధుమ రంగుకు తిరుగుతుంది, పొగాకు వాసనో పాకం వాసనో వేస్తుంది. పశువులు ఆ గడ్డిని ఆత్రంగా తింటాయి. చూసేవారికి సంతోషం! కానీ ముడిపడిన మాంసకృత్తులు అరగక పేడలో బయటికి పోతాయి. మాంసకృత్తులను లెక్కగట్టే మామూలు ప్రయోగశాల పరీక్ష కూడా ఇక్కడ మోసపోతుంది. అది కొలిచేది వాటిలోని నత్రజనిని, ఆ నత్రజని ఎక్కడికీ పోలేదు. అందుకే గడ్డి గోధుమ రంగుకు తిరిగితే, పీచుకు అంటుకుపోయిన నత్రజని ఎంతో విడిగా కొలిపించాలి.

మరి పూర్తిగా ఎండబెడితే సరిపోదా? లూసర్న్ లాంటి పశుగ్రాసంలో పోషకాలు ఎక్కువగా ఆకులోనే ఉంటాయి, అతిగా ఎండితే ఆ ఆకు రాలిపోతుంది. అందుకే అమెరికా రైతులు కాస్త తేమ ఉండగానే కట్టలు కడతారు. చిన్న కట్టలకు 20 శాతం తేమ, పెద్ద గుండ్రని చుట్టలకు 18, బిగువైన పెద్ద దీర్ఘచతురస్రపు కట్టలకు 16 అన్నది అక్కడి లెక్క. వాన ముంచుకొచ్చి అంతకన్నా తడిగా కట్టవలసి వస్తే ప్రొపియోనిక్ ఆమ్లాన్ని చల్లుతారు. బ్రెడ్డుకు బూజు పట్టకుండా వాడే పదార్థాలు దీని లవణాలే. 25 శాతం లోపు తేమకు గడ్డి బరువులో అర శాతం, 30 లోపైతే ఒక శాతం. ఆమ్లం యంత్రాన్ని తినేస్తుంది కనుక అమోనియాతో దాని ఘాటు తగ్గించి అమ్ముతారు. 30 దాటిన గడ్డికి ఆమ్లం మీద ఆశ పెట్టుకోకుండా, గాలి చొరకుండా ప్లాస్టిక్ చుట్టి పాతర గడ్డిగా మార్చుకోవడమే మేలు.

కోస్తాలో వరి కోతలూ తుఫానులూ తరచుగా ఒకేసారి వస్తాయి. 2023 డిసెంబరు 5న బాపట్ల దగ్గర తీరం దాటిన మిచౌంగ్ అలాంటిదే. వరిగడ్డిలో మాంసకృత్తులు మొదటే తక్కువ, అందువల్ల ఇక్కడ అసలు శత్రువు బూజు. ఆ బూజు ధూళి పీల్చిన మనుషుల ఊపిరితిత్తులకూ జబ్బు చేస్తుంది. మన పశువైద్యులు ఎప్పటినుంచో చెబుతున్న ఉపాయం చూడండి. 100 కిలోల ఎండు వరిగడ్డికి 4 కిలోల యూరియాను 50, 60 లీటర్ల నీళ్లలో కలిపి పొరలు పొరలుగా చల్లి, పాలిథిన్ పట్టా కప్పి 21 రోజులు ఉంచుతారు. ఉత్త నీళ్లే చల్లితే ఆ గడ్డి కుళ్లిపోతుంది. యూరియా నుంచి వెలువడే అమోనియా బూజును అణచి, పీచును మెత్తబరుస్తుంది. మేపేముందు ఘాటు పోయేలా ఆరబెట్టాలి, చిన్న దూడలకు పెట్టకూడదు. చక్కెరలు ఎక్కువగా ఉన్న మేలురకం గడ్డికి మాత్రం అమోనియా పట్టించవద్దు. అందులో పుట్టే ఒక విషపదార్థం పశువులను వెర్రెత్తి పరుగులు తీయిస్తుంది, పాలలోకీ దిగుతుంది.

తడిగా పేర్చిన వామిని మొదటి ఆరు వారాలు కనిపెట్టి ఉండాలి. పొడవాటి ఇనుప చువ్వను లోపలికి దించి కాసేపు ఉంచి తీస్తే, చేత్తో పట్టుకోలేనంత కాలుతున్నదంటే అనుమానించవలసిందే. చువ్వకన్నా థర్మామీటరు నయం. 65 డిగ్రీలు చూపితే రోజూ, 70 దాటితే కొన్ని గంటలకోసారి చూడాలి. 80కి వచ్చిందంటే వామిని విప్పకముందే అగ్నిమాపక దళాన్ని పిలవాలి, ఎందుకంటే విప్పగానే లోపలికి దూరే గాలే మంటను లేపుతుంది. అలాంటి వామి ఎక్కడం మరీ ప్రమాదం. పైకి గట్టిగా కనిపించే గడ్డి కింద అప్పటికే కాలి గుల్లయిన గొయ్యి ఉండవచ్చు.