స్టేషన్ వస్తుందట, ఫ్లాట్ కొనేయమంటారా?

"మాంచెస్టర్‌లో కొత్త స్టేషన్ పక్కనే ఫ్లాటు, ఆడిటర్ గారూ. రైలొచ్చేసరికి రేటు డబుల్ అవుతుందట." గుంటూరు బ్రాడీపేటలో మా ఆఫీసుకు ఇలా వచ్చేవాళ్లు ఈమధ్య ఎక్కువయ్యారు. ఒకరు మాంచెస్టర్ అంటారు, ఒకరు బర్మింగ్‌హామ్, ఇంకొకరు దుబాయ్. మిగతా కథంతా ఒకటే: విజయవాడ హోటల్లో ప్రాపర్టీ షో, మంచి భోజనం, ఇవాళే టోకెన్ కడితే డిస్కౌంటు.

అపోహ: ప్రభుత్వం ప్రకటించింది కాబట్టి స్టేషన్ వచ్చినట్టే.

జనం ఎక్కువగా మునిగేది ఇక్కడే. బ్రిటన్ హెచ్‌ఎస్2 హైస్పీడ్ లైనునే చూడండి. లండన్ నుంచి బర్మింగ్‌హామ్, అక్కడి నుంచి ఒక పాయ మాంచెస్టర్‌కు, ఇంకోటి లీడ్స్‌కు అన్నారు. 2021 నవంబరులో లీడ్స్ పాయలో పెద్ద ముక్క కోసేశారు. నాటింగ్‌హామ్, డెర్బీల మధ్య టోటన్‌లో రావాల్సిన స్టేషన్ దాంతో పోయింది. 2023 అక్టోబరు 4న అప్పటి ప్రధాని రిషి సునాక్ మాంచెస్టర్ పాయనూ రద్దు చేశారు. ఆ మాట చెప్పింది మాంచెస్టర్‌లోనే, ఒకప్పటి రైల్వే స్టేషన్‌ను సభాభవనంగా మార్చిన చోట! బర్మింగ్‌హామ్ పక్క నుంచి క్రూ అనే ఊరి దాకా వేయాల్సిన భాగానికి 2021లో పార్లమెంటు చట్టమే చేసింది. అదీ రద్దయింది. కౌలాలంపూర్–సింగపూర్ హైస్పీడ్ రైలుకు 2016లో రెండు దేశాలు ఒప్పందం రాసుకున్నాయి. 2020తో అదీ అయిపోయింది.

రద్దు కాకపోయినా ఆలస్యం తప్పదు. లండన్ ఎలిజబెత్ లైన్ 2018 డిసెంబరులో మొదలు కావాలి, 2022 మేలో మొదలైంది. అప్పటికీ బాండ్ స్ట్రీట్ స్టేషన్ తెరవలేదు. అది అక్టోబరులో తెరుచుకుంది. ఇన్‌స్టాల్‌మెంట్లు మాత్రం ఎవరి కోసమూ ఆగవు.

ఇదంతా మనకు కొత్తా? ఎర్రుపాలెం–అమరావతి–నంబూరు లైను గురించి ఎన్నేళ్లుగా వింటున్నాం? 57 కిలోమీటర్ల ఆ లైనుకు కేంద్ర క్యాబినెట్ ఆమోదం వచ్చింది 2024 అక్టోబరులో. నంబూరు చుట్టుపక్కల దాని పేరు చెప్పి ప్లాట్లు అమ్మడం మాత్రం ఎప్పుడో మొదలైంది. ఇక్కడ అరగంటలో వెళ్లి కళ్లతో చూసే వీలుండీ మోసపోయాం. అక్కడ చూడకుండానే కొంటామంటారు.

ఇంకో సంగతి. స్టేషన్ వార్త మీ చెవిన పడేసరికి బిల్డరుకు ఎప్పుడో తెలుసు. రేటులో అది కలిపేసే మీకు చెబుతున్నాడు. అందుకే బ్రోషర్‌లో స్టేషన్ అన్న మాట కొట్టేసి లెక్క వేయమంటాను. ఇప్పుడున్న అద్దెలోంచి సర్వీస్ చార్జీ, ఏజెంటు కమీషను, పన్ను తీసేస్తే ఏం మిగులుతుంది? అది మీకు చాలితే కొనండి. చాలకపోతే రైలు మీద పందెం కాస్తున్నట్టే.

మిర్చి యార్డులో కమీషన్ వ్యాపారం చేసే ఒకాయన భార్యతో కలిసి అలాంటి షోకు వెళ్లారు. ఆయన చెక్కు రాయబోతుంటే ఆవిడ, "స్టేషన్ లేనప్పుడు ఆ ఇంట్లో ఎవరుంటారు బాబూ?" అని అడిగారట. సేల్స్ కుర్రాడు ఇంకో కాఫీ తెప్పించాడు తప్ప జవాబు చెప్పలేదు. వాళ్లు కొనలేదు. కొత్తపేటలో షాపు కొన్నారు. అదీ గొప్ప పెట్టుబడని నేననను.

మిగతా అపోహలు గబగబా చెప్పేస్తాను.

ఆర్‌బీఐ స్పెషల్ పర్మిషన్ కావాలంటారు. అక్కర్లేదు. ఎల్‌ఆర్‌ఎస్ (లేఅవుట్లది కాదు, విదేశాలకు డబ్బు పంపుకునే ఆర్‌బీఐ స్కీము) కింద మనిషికి ఆర్థిక సంవత్సరానికి 2.5 లక్షల డాలర్ల దాకా బ్యాంకు ద్వారా పంపొచ్చు. అయితే దీనికి బ్యాంకు అప్పివ్వకూడదు. అత్తగారి లిమిట్ వాడుకుంటే ఆస్తిలో ఆవిడ పేరూ ఉండాలి.

అలా పంపేటప్పుడు 10 లక్షలు దాటిన మొత్తం మీద బ్యాంకు ముందే పట్టుకునే 20 శాతం పన్ను, అంటే టీసీఎస్, పోయినట్టేనంటారు. పోదు. రిటర్న్‌లో సర్దుబాటు అవుతుంది, మిగిలితే రిఫండ్ వస్తుంది. అప్పటిదాకా ఆ డబ్బు మీ చేతిలో ఉండదు, అంతే.

అద్దె అక్కడి అకౌంట్లోనే ఉంటే ఇక్కడ చూపక్కర్లేదంటారు. ఈ సలహా ఇచ్చేవాళ్లంటే నాకు ఒళ్లు మంట. ఇక్కడ రెసిడెంట్ అయితే ఆ అద్దెకు ఇక్కడా పన్నుంది. అక్కడ కట్టిన పన్నుకు క్రెడిట్ దొరుకుతుంది. ఆస్తిని రిటర్న్‌లోని షెడ్యూల్ ఎఫ్‌ఏలో, అంటే విదేశీ ఆస్తుల పట్టికలో, చూపించకపోతే బ్లాక్ మనీ చట్టం కింద పెనాల్టీ 10 లక్షలు.

"కొంత ఇక్కడే క్యాష్ ఇచ్చేయండి" అంటే లేచి వచ్చేయండి. విదేశీ మారకద్రవ్య చట్టం ఫెమా కింద పెనాల్టీ ఆ మొత్తానికి మూడు రెట్ల దాకా ఉంటుంది.

ఇంగ్లండ్‌లో స్టాంప్ డ్యూటీ మీద నాన్ రెసిడెంట్ అని 2 శాతం, రెండో ఇల్లని 5 శాతం అదనం. గుంటూరులో మీకున్న ఇల్లూ ఆ లెక్కలోకి వస్తుంది.

ఇప్పటికే టోకెన్ కట్టి టెన్షన్‌తో నిద్రపట్టని వాళ్లు, తిట్టుకుంటూ కూర్చోకండి. ఒప్పందంలో క్యాన్సిలేషన్ క్లాజు, కట్టిన డబ్బు ఎవరి అకౌంట్లో ఉందో చూడండి. బిల్డరు చూపించిన సొలిసిటర్‌ను (అక్కడి లాయరును) కాకుండా, మీరే వెతుక్కున్న వాళ్లను అడిగాకే తర్వాతి ఇన్‌స్టాల్‌మెంట్ పంపండి.