విన్‌మెయిల్.డ్యాట్ వెనక కథ

పెళ్లి శుభలేఖ మెయిల్లో పంపామని అవతలివాళ్లు ఒట్టేసి చెప్తారు, తీరా చూస్తే మన దగ్గర విన్‌మెయిల్.డ్యాట్ అనే ఫైలొకటి కూర్చుని ఉంటుంది, నొక్కితే దేంతో తెరవమంటావని మననే అడుగుతుంది. వాళ్లు అబద్ధం ఆడలేదు. శుభలేఖ దాని కడుపులోనే ఉంది.

అసలు మెయిల్ పుట్టింది ఉత్తరాల కోసం, ఫైళ్ల కోసం కాదు. 1982లో జాన్ పోస్టెల్ రాసిన, మెయిల్ని ఒక మెషీను నుంచి ఇంకోదానికి పంపే ఎస్‌ఎంటీపీ పద్ధతిలో ఒక్కో అక్షరానికి 7 బిట్లే (బిట్టంటే సున్నానో ఒకటో పట్టే గడి), అంటే ఇంగ్లీషు అక్షరాలు, అంకెలు, కాసిని గుర్తులు, అంతే. ఫొటోకైతే 8 బిట్లూ కావాలి, దారిలో ఏ మెషీనైనా ఎనిమిదోది తీసి పారేస్తే ఇక ఆ ఫొటో పనికిరాదు. అందుకే ఫైలుని అక్షరాలుగా మార్చి ఉత్తరంలోనే కుక్కేవాళ్లు. యూనిక్స్ కంప్యూటర్ల వాళ్లు అంతకుముందే 1980లో మేరీ ఆన్ హోర్టన్ రాసిన యూయూఎన్‌కోడ్ వాడితే, మ్యాక్ వాళ్లది బిన్‌హెక్స్. విప్పే ప్రోగ్రాము లేనివాడికి స్క్రీను నిండా పిచ్చిరాతలే.

ఈ గోలకి 1992లో నథానియెల్ బోరెన్‌స్టైన్, నెడ్ ఫ్రీడ్ మైమ్ అనే ఉమ్మడి పద్ధతి తెచ్చారు. ఫైలు రకం ఏంటో, పేరేంటో, ఎలా చుట్టామో పైనే రాసి పంపడం. చుట్టడానికి ఎక్కువగా వాడే బేస్64లో 3 బైట్లు (బైటంటే 8 బిట్లు) 4 అక్షరాలవుతాయి, 20 ఎంబీ ఫైలు మెయిల్లో 26 దాటేది అందుకే.

అంతా కుదిరిందనుకునేలోపు 1990లలో మైక్రోసాఫ్ట్ టీనెఫ్ అనే సొంత మూట తయారుచేసింది. వాళ్ల మెయిల్ ప్రోగ్రాము ఔట్‌లుక్‌లో రిచ్ టెక్స్ట్‌గా రాస్తే ఫాంట్లు, మీటింగ్ పిలుపులు, అటాచ్‌మెంట్లు అన్నీ కలిపి అందులో కడుతుంది, అవతల కూడా ఔట్‌లుక్ ఉంటే చక్కగా విప్పుకుంటుంది. లేకపోతే ఆ మూటే విన్‌మెయిల్.డ్యాట్. ఉమ్మడి పద్ధతి చేతిలో ఉండగా ఇదెందుకు బయటికి పంపాలో నాకు ఇప్పటికీ అర్థం కాదు. హెచ్‌టీఎంఎల్‌గానో ప్లెయిన్ టెక్స్ట్‌గానో మార్చి పంపమని అడగండి, చాలాసార్లు పనవుతుంది. మార్చినా మళ్లీ అదే వస్తోందంటే, వాళ్ల కాంటాక్ట్స్‌లో మీ పేరు దగ్గర రిచ్ టెక్స్ట్ అని విడిగా పెట్టి ఉందేమో చూడమనండి.

మన తెలుగు పేర్లది ఇంకో బాధ. ఫైలు పేరు ఇంగ్లీషులో లేకపోతే ఎలా రాయాలో 1997లో తేల్చారు, కానీ కొన్ని ప్రోగ్రాములు సబ్జెక్ట్ లైనుకి పెట్టిన పద్ధతినే, కూడదన్నా, పేరుకీ వాడేశాయి. పైగా అన్ని భాషల అక్షరాలనీ కంప్యూటర్లో రాసుకునే యూటీఎఫ్-8లో తెలుగుకి ఒక్కో గుర్తుకి 3 బైట్లు. ‘అమ్మ’ అనే పేరు వత్తుతో కలిపి 4 గుర్తులు, 12 బైట్లు, 1997 పద్ధతిలో బైటుకి 3 అక్షరాల చొప్పున రాస్తే 36 అక్షరాలు. అవతలి ప్రోగ్రాము ఆ బైట్లని పాత యూరప్ అక్షరాలనుకుంటే పేరు పొడుగునా నెత్తిన గీతున్న ఇంగ్లీషు చిన్న ‘ఏ’, పక్కన డిగ్రీ గుర్తు, మళ్లీ అదే ‘ఏ’.